నిప్పట్లు నల్లబడ్డాయి, పాలు విరిగాయి... తప్పు పండ్ల పొడిదేనా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. పాపకు ఏడేళ్లు. పండంటే ఆమడ దూరం పరిగెత్తుతుంది. అరటిపండు వాసన పడదు, మామిడిపండు పీచు పళ్లలో ఇరుక్కుంటుందని ఏడుస్తుంది. చిరుతిళ్లు మాత్రం ఎన్ని పెట్టినా తింటుంది. ఆ చిరుతిళ్లలోనే పండు కలిపేద్దామని మామిడి, అరటి, ఉసిరి పొడులు తెప్పించాను. వంద గ్రాముల సీసాలు మూడు, వెయ్యి రూపాయలు దాటింది. మామిడి పొడి నిప్పట్ల పిండిలో కలిపితే నూనెలో వేసిన కాసేపటికే నల్లబడి చేదెక్కాయి. ఉసిరి పొడి వేడి పాలలో వేస్తే విరిగిపోయాయి. అరటి పొడి సీసా తెరిచిన పదిహేను రోజులకే గడ్డకట్టింది. మా అత్తగారు "పండు కోసి పెట్టే తీరిక లేక పిండి కొట్టి పెడతారా, ఏం కాలమొచ్చిందమ్మా" అంటున్నారు. ఆమెకు షుగరు ఉంది. ఇవి ఆమెకు పెట్టొచ్చా? అసలు వీటివల్ల లాభముందా? ఇంట్లోనే చేసుకునే వీలుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఎగతాళికి కాదు, మీ కష్టాలు నేనూ పడ్డవే. మాది పాకాల దగ్గర పల్లె. ఇంటి వెనకే తోతాపురి మామిడి తోట. ఒక ఏడు పండిన కాయలు మిగిలిపోతుంటే, గుజ్జు తీసి పళ్లేల్లో ఆరబెట్టి పొడి చేద్దామనుకున్నాను. మూడు రోజులు మిద్దె మీద మంచి ఎండ. నాలుగోరోజు మిక్సీలో వేశాను. పొడి కాలేదు సరికదా, బ్లేడు చుట్టూ బంకలా చుట్టుకుని మోటారు కాలిన వాసన కొట్టింది. ఆ జారు కడగడానికి పట్టిన సేపట్లో అరడజను పండ్లు కోసి పిల్లలకు పెట్టి ఉండేదాన్ని. మా అమ్మ గడపలో కూర్చుని ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా గుచ్చుకుంది.

కాబట్టి మీ అత్తగారి మాటలో సగం నిజముంది. మిగతా సగం మీ వైపు ఉంది. అదెట్లాగో చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. మామిడిపండు గుజ్జులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లే. ఆ నీళ్లన్నీ పోగా మిగిలేది పొడి. నిండుగా ఒక టీస్పూను, అంటే 5 గ్రాములు అనుకుందాం, అది పాతిక ముప్పై గ్రాముల పండుతో సమానం. ఒక చిన్న ముక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు రోజుకు 100 గ్రాముల దాకా పండ్లు తినాలి. పొడితోనే ఆ లెక్క పూర్తి చేయాలంటే నిండు స్పూన్లు నాలుగు కావాలి. ఏ నిప్పట్టులో, ఏ ఉండలో పడుతుంది అంత? "రోజుకు ఒక స్పూను చాలు, బుట్టెడు పండ్లు తిన్నట్టే" అనే ప్రకటనలు చూసినప్పుడల్లా ఆ బుట్ట ఎంత చిన్నదో అనుకుంటాను.

ఇక సి విటమిన్. మీ పాప వయసు పిల్లలకు రోజుకు 45 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అంటే సాయంత్రం బడి ముందు బండి మీద నాలుగు చీలికలుగా కోసి, ఉప్పూ కారం చల్లి ఇస్తారే, ఆ జామకాయలో ఒక్క చీలిక చాలు, పాపకు ఆ రోజుకు సరిపడా సి విటమిన్ అందినట్టే. పండు తినని పిల్లలు కూడా ఉప్పూకారం అద్దిన జామకాయను వదలరు. మీ పాపకు ఎప్పుడైనా అట్లా పెట్టి చూశారా? ఉత్తరంలో జామకాయ మాట లేదు, అందుకే అడుగుతున్నాను.

మరి పొడి ఎందుకు, పారేయమంటారా అంటే, కాదు. మీరు దాన్ని పండుకు బదులుగా చూశారు, అక్కడ వచ్చింది చిక్కు. పొడిని పొడిగానే చూడండి. మన ఇళ్లలో పండ్ల పొడి కొత్తది కాదు. పచ్చిమామిడి ముక్కలు ఎండబెట్టిన ఒరుగులు ఏమిటి? పప్పులో రెండు ఒరుగులు పడితే ఆ పులుపే వేరు. వాటినే దంచితే ఉత్తరాది వాళ్లు ఆమ్‌చూర్ అంటారు. సంక్రాంతికి ముందు రేగిపండ్లు దంచి బెల్లం, ఉప్పు, మిరపకాయలు కలిపి ఎండబెట్టే రేగి వడియాలు ఏమిటి? పిల్లలు బడికి జేబులో వేసుకుపోయేవాళ్లు. ఉసిరికాయ తురిమి ఎండబెట్టి చిటికెడు నోట్లో వేసుకునే అలవాటు మా నాయనమ్మకు చివరిదాకా ఉండేది. ఇవేవీ పండుకు బదులు కావు. పండు లేని నెలల్లో దాని పులుపును, వాసనను దాచుకునే పద్ధతులు. మీ మూడు సీసాలకూ ఇంట్లో చోటు ఉంది, అది పోపుల పెట్టె పక్కన. మందుల అరలో కాదు.

ఇప్పుడు మీ సీసాల్లో ఏముందో చూద్దాం. వెనక పదార్థాల పట్టిక ఉంటుంది. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలని నియమం. మామిడి పొడి సీసా మీద మొదటి పేరు మామిడేనా? చాలావాటిలో మాల్టోడెక్స్‌ట్రిన్ అని కనబడుతుంది. అది మోసం అని కంగారు పడబాకండి. దానికొక కారణముంది. పండిన పండు గుజ్జును వేడిగాలి గదిలోకి తుంపర్లుగా చిమ్మి పొడి చేస్తారు. పండులోని చక్కెరలు ఆ వేడికి మెత్తబడి గోడలకు అంటుకుపోతాయి. నా మిక్సీలో జరిగిందీ అదే. అంటుకోకుండా ఉండేందుకు మొక్కజొన్న లాంటి వాటి పిండిపదార్థం నుంచి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. తీపి పెద్దగా ఉండదు, "చక్కెర కలపలేదు" అని పైన రాసుకోవచ్చు, కానీ రక్తంలో చక్కెరను పంచదార అంత వేగంగానే పెంచుతుంది. ఒక సీసాలో అది పాతిక పాళ్లుంటుంది, ఇంకో దాంట్లో సగం పైనే ఉంటుంది. కొన్నిటిలో పంచదారే మొదటి పేరు, వాటిని పండ్ల పొడి అనడమే తప్పు, షర్బత్ పొడి అనాలి. టార్ట్రాజిన్ లేదా 102, సన్‌సెట్ ఎల్లో లేదా 110 అని కనిపిస్తే ఆ పసుపు మామిడిది కాదని అర్థం. 220, 224 అని ఉంటే గంధకపు పదార్థాలు వాడారన్నమాట, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే అది పక్కన పెట్టండి.

గుజ్జును గడ్డకట్టించి, గాలి లాగేసిన పెట్టెలో ఆ మంచును నీరు కానీయకుండానే ఆవిరి చేసే పద్ధతి ఇంకొకటుంది. ఫ్రీజ్ డ్రైయింగ్ అంటారు. అందులో రంగు, వాసన, సి విటమిన్ బాగా నిలుస్తాయి. ఖరీదూ అట్లాగే ఉంటుంది. పట్టికలో ఒక్క పండు పేరే ఉండి ఇంకేమీ లేకపోతే, పెట్టిన డబ్బుకు సరుకు దక్కినట్టే. అసలైన మామిడి పొడి వంద గ్రాములంటే అరకిలో పైచిలుకు గుజ్జు. ఇక్కడ నాకు కడుపు మండే సంగతి ఒకటి. 2025 వేసవిలో మన తోతాపురికి ధర లేక రైతులు కాయలు తెచ్చి గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి ట్రాక్టర్లతో నిలబడ్డారు. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 4 రూపాయలు తాము ఇస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. అదే ప్రాంతంలో మనం సీసా మామిడి పొడి మూడొందలు పెట్టి కొంటున్నాం. సరే, ఇది మీ ప్రశ్న కాదు.

మీకు ఎదురైన మూడింటిలో మొదటి రెంటికీ కారణం ఒక్కటే, వేయకూడని చోట వేశారు. మూడోది వేరు, దాని సంగతి చివర్లో.

నిప్పట్ల సంగతి. మామిడి పొడిలో ముప్పాతిక వంతు చక్కెరలే. కాగిన నూనెలో పంచదార వేసి చూడండి, ఏమవుతుంది? బియ్యప్పిండి వేగి కరకరలాడేలోపు ఆ చక్కెర మాడిపోతుంది. పిండి వేగాలని మంట పెంచితే మాడు, మాడకూడదని తగ్గిస్తే మెత్తన. మధ్యదారి లేదు. పైగా ఆ వేడికి సి విటమిన్ సరే సరి. కాబట్టి నూనెలో వేగే దేంట్లోనూ తీపి పండ్ల పొడి కలపొద్దు. నిప్పట్లు, మురుకులు మామూలుగా చేసి, తీసి, నూనె తడి ఇంకా ఉన్నప్పుడే పైన చల్లాలి. అక్కడ కూడా తీపి మామిడి కన్నా పచ్చిమామిడి పొడో టమోటా పొడో బాగుంటాయి. ఒక స్పూను పచ్చిమామిడి పొడి, అర స్పూను ఉప్పు, పావు స్పూను కారం, వేయించి దంచిన జీలకర్ర ఒక చిటికెడు కలిపి చల్లండి. మీ పాప అంగట్లో కొనే ప్యాకెట్ల జోలికి పోదని మాట ఇవ్వలేను గానీ, కనీసం పోటీలో నిలుస్తుంది.

పాలు విరగడం ఉసిరి పులుపు వల్ల. పాలలోని మాంసకృత్తులు పులుపు తగిలితే ముద్ద కడతాయి, వేడి ఉంటే ఇంకా త్వరగా. నిమ్మరసం పిండి పనీరు చేసేది ఇట్లాగే కదా. ఉసిరి, పచ్చిమామిడి, నేరేడు, ద్రాక్ష పొడులు పాలలో వేయబాకండి. అవి మజ్జిగకు, పెరుగుకు చుట్టాలు. ఆ పాలు పారబోశారా? బెల్లం వేసి ఉడికించి ఉంటే పాలకోవా కాకపోయినా కోవాకు పినతల్లి కూతురయ్యేది.

పులుపు ఇంకోచోట కూడా దెబ్బ తీస్తుంది, ముందే చెప్పేస్తాను. బెల్లంపాకం స్టవ్ మీద మరుగుతున్నప్పుడు ఉసిరి పొడి వేస్తే ఉండ కట్టదు. పులుపు, వేడి కలిసి బెల్లంలోని చక్కెరను విడగొడతాయి, ఆ పాకం ఎంతసేపు ఆరినా జిగటగానే ఉంటుంది. గులాబ్‌జామూన్ పాకం గడ్డకట్టకుండా నిమ్మరసం వేసేది ఇందుకే. అక్కడ పనికొచ్చే గుణం బొరుగుల ఉండల దగ్గర కొంప ముంచుతుంది. కాబట్టి పాకం ఉండపాకానికి వచ్చాక దించి, పొడిని బొరుగుల్లో ముందే కలిపి ఉంచుకుని, వాటి మీద పాకం పోసి గబగబా ఉండలు చుట్టాలి. లీటరు గ్లాసెడు బొరుగులకు ఒక స్పూను పొడి, రెండు స్పూన్ల పుట్నాల పొడి చాలు. చెనిక్కాయల ఉండలకు ఇంకా సులువు. వేయించి పొట్టు తీసిన చెనిక్కాయలు, మన చిత్తూరు బెల్లం, ఒక స్పూను అరటి లేదా మామిడి పొడి మిక్సీలో తిప్పితే కాయల్లోని నూనెకే ఉండ కడుతుంది. పాకంతో పనే లేదు. వేడి లేదు కాబట్టి పొడిలో ఉన్నదంతా నిలుస్తుంది.

నాకు బాగా నచ్చినది మాత్రం అంబలి. రాగుల్లో ఇనుము ఉంది, కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుమును ఒళ్లు అంత తేలిగ్గా పట్టదు. పక్కన సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది. అందుకే అంబలి కాచి, చల్లారనిచ్చి, మజ్జిగ కలిపి, గ్లాసుకు పావు స్పూను ఉసిరి పొడి వేయండి. పైన ఒక ఎర్రగడ్డ ముక్క. స్పూన్లు స్పూన్లు అక్కర్లేదు, ఇక్కడ పొడి చేసే పని పండు చేసే పని కాదు, రాగికి తోడుగా నిలవడం. పాపకు పులుపు ఎక్కువనిపిస్తే కాస్త బెల్లం. ఇది తాగిన వెంటనే టీ ఇవ్వొద్దు, ఏడేళ్ల పిల్లకు టీ ఇస్తున్నారని కాదు, మీకూ మీ అత్తగారికీ చెబుతున్నాను. టీలోని వగరు ఇనుమును పట్టనివ్వదు.

పండగనాడు ఓలిగలు చేస్తే పూర్ణం దించిన తర్వాత, గ్లాసెడు శనగపప్పుకు రెండు స్పూన్ల మామిడి పొడి కలపండి. బెల్లం ఆ మేరకు తగ్గించండి. పూర్ణం పైన పిండి కప్పి ఉంటుంది కాబట్టి పెనం మీద మాడదు. మా ఇంట్లో ఉగాదికి చేస్తే, ఏం వేశానో చెప్పకముందే మా అల్లుడు ఆరు తిన్నాడు. బోండాలకు, వంటసోడా వేసే ఏ పిండికైనా నేరేడు పొడి మాత్రం వద్దు. ఆ ఊదా రంగు సోడా తగిలితే నీలంగా, పచ్చగా మారిపోతుంది. తింటే ఏమీ కాదు, కానీ పచ్చటి బోండా ఎవరు తింటారు?

ఇక ఇంట్లో చేసుకోవడం. మన ఊళ్లో ఎండకు కొదవ లేదు, మేలో నలభై దాటుతుంది. కానీ ఏది ఎండుతుంది, ఏది ఎండదు అన్నది తెలియాలి. చక్కెర తక్కువ, పులుపో పిండో ఎక్కువ ఉన్నవి ఎండకు పెళపెళలాడేట్టు ఎండుతాయి: పచ్చిమామిడి, ఉసిరి, అరటికాయ, టమోటా. బాగా పండిన తీపి పండ్లు ఎండవు. చక్కెర నీటిని పట్టుకుని వదలదు, తోలులా సాగుతూ ఉంటాయి. మామిడి, అరటిపండు, సపోటా, బొప్పాయి అన్నీ ఈ జాతే. మామిడిపండును మనవాళ్లు పొడి చేయకుండా తాండ్ర చేశారంటే చేతకాక కాదు, దాని స్వభావం తెలిసి. సీతాఫలం సంగతి ఇంకా మొండిది. శేషాచలం కొండల కాయలు దొరికే రోజుల్లో గుజ్జు దాచుకోవాలని అందరికీ ఆశ. వేడి చేస్తే చేదెక్కుతుంది. పైగా ఒక్క గింజ నలిగి కలిసినా మంచిది కాదు, ఆ గింజల పొడి కళ్లకు ప్రమాదం. సీతాఫలాన్ని పండుగానే తినండి.

పచ్చిమామిడి మార్చి నుంచి చేసుకోవచ్చు. టెంక గట్టిపడని పుల్లటి కాయ చెక్కు తీసి, రూపాయి బిళ్ల మందాన పలుచగా కోసి, స్టీలు పళ్లెంలో పరిచి, పైన పలుచటి తెల్లగుడ్డ కట్టి మూడు నాలుగు రోజులు ఎండలో పెట్టండి. న్యూస్‌పేపరు మీద వద్దు, సిరా అంటుతుంది. పొద్దు వాలకముందే లోపలికి తెచ్చేయాలి, రాత్రి చెమ్మ తగిలితే పగలు పడ్డ కష్టమంతా వృథా. అలిపిరి వైపు ఉండేవాళ్లయితే కోతుల సంగతి నేను చెప్పక్కర్లేదు, ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. ముక్క విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకొక రోజు. ఎండ నుంచి తెచ్చిన వెంటనే కాకుండా పూర్తిగా చల్లారాక, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఒకటే తిప్పుడు తిప్పితే జారు వేడెక్కి పొడి మెత్తబడుతుంది. జల్లెడ పట్టి, నిలిచిన రవ్వను పప్పులో వేసుకోండి.

ఉసిరి కార్తీకంలోనే వస్తుంది కానీ అప్పుడు మనకు వానలు. సంక్రాంతి దాటాక చేసుకుంటే మేలు. స్టీలు తురుముపీట మీద తురమండి, ఇనుప కత్తి, ఇనుప మూకుడు తగిలితే నల్లబడుతుంది. చురుకైన ఎండ కన్నా గాలి ఆడే నీడలో ఆరబెడితే సి విటమిన్ తక్కువ పోతుంది. కొంత ఎట్లాగూ పోతుంది. అరటికాయ అన్నిటికన్నా తేలిక. చెక్కు తీసి చక్రాలు కోసి, నల్లబడకుండా పలుచటి మజ్జిగలో వేసి తీసి, రెండు మూడు రోజుల ఎండ. ఆ పిండిని దోసెల పిండిలో, రొట్టెల్లో నూటికి పదిహేను పాళ్లదాకా కలిపినా పిల్లలకు తెలియదు. కేరళవాళ్లు ఒక రకం అరటికాయను ఇట్లాగే పొడి చేసి పసిపిల్లలకు జావ కాస్తారు. మీరు కొన్న సీసా పండిన అరటిది, తీపిది. ఇది వేరు, అది వేరు.

టమోటా కూడా పండేనని మరిచిపోతాం. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసే రోజులు ఏటా చూస్తున్నాం. అట్లాంటి వారంలో ఐదు కిలోలు తెచ్చి, నాలుగు చెక్కలుగా కోసి, గింజల రసం తీసేసి, ఉప్పు చల్లి ఎండబెట్టండి. ఐదారు రోజులు పడుతుంది. ఐదు కిలోలకు పావుకిలో పైచిలుకు పొడి వస్తే గొప్ప. బొరుగుల మిక్చర్ మీద, ఉప్మా మీద, వేయించిన శనగల మీద చల్లడానికి దీన్ని మించింది లేదు. పాపకు ఇది నచ్చుతుందని నా నమ్మకం.

తీపి మామిడి పొడే కావాలని పట్టు పడితే ఒక ఉపాయం ఉంది, నా మిక్సీ కాలబోయిన తర్వాత నేర్చుకున్నది. తాండ్రను చిన్న ముక్కలు కోసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో డీప్‌లో పెట్టి, గట్టిపడ్డాక అంతే తూకం పుట్నాల పప్పుతో కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. పుట్నాలపొడి తాండ్రను అంటుకోనీయదు. ఫ్యాక్టరీలో మాల్టోడెక్స్‌ట్రిన్ చేసే పనే ఇక్కడ పుట్నాలు చేస్తాయి, పైగా కాస్త మాంసకృత్తులు ఇస్తాయి. పొడి నునుపుగా రాదు, రవ్వగా ఉంటుంది. ఉండలకు, ఓలిగలకు అదే బాగుంటుంది. దాన్ని వారం పది రోజులకు మించి ఉంచొద్దు, అదీ ఫ్రిజ్‌లో.

మీ అత్తగారి విషయం. షుగరు ఉన్నవాళ్లకు తీపి పండ్ల పొడి వద్దు. పండులో నీళ్లుంటాయి, నమలాలి, సగం తినేసరికి తృప్తి కలుగుతుంది. పొడిలో అవేవీ లేవు, చక్కెరలు మాత్రం చిక్కగా ఉన్నాయి, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఆమెకు అర జామకాయో, సీజన్లో పది నేరేడుపండ్లో అసలు పండుగానే ఇవ్వండి. ఉసిరి, పచ్చిమామిడి పొడులు మజ్జిగలో చిటికెడు వేసుకుంటే ఇబ్బంది లేదు. అరటికాయ పిండిని అన్నం, రొట్టెల లెక్కలోనే కలపాలి, అదనంగా కాదు. నేరేడు గింజల పొడి తాగితే మాత్రలు మానేయొచ్చని ఎవరైనా చెబితే ఆ మాట చెవిన పెట్టనివ్వకండి. డాక్టరును అడక్కుండా మాత్ర ఆపొద్దు. మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు ఏ పండ్ల పొడి అయినా అడిగే వాడాలి, ఎండిన పండులో అది చిక్కగా ఉంటుంది.

గడ్డకట్టిన అరటి పొడి మిగిలింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు, ఉతికిన బట్టలే ఆరవు. పండ్ల చక్కెర ఆ తేమను పీల్చేస్తుంది. పొయ్యి పక్కన సీసా తెరిచి, ఆవిరి వస్తున్న గిన్నె మీద స్పూను ఊపి, ఆ తడి స్పూనే మళ్లీ సీసాలో పెడితే పదిహేను రోజులు కూడా ఎక్కువే. వారానికి సరిపడా చిన్న డబ్బాలో తీసుకుని, మిగతాది గట్టి మూత సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు సీసా చలి పోయాక మూత తీయండి, లేకపోతే చెమ్మ లోపలికే పోతుంది. ఇప్పుడు గడ్డను విరిచి వాసన చూడండి. పండు వాసనే ఉండి, రంగు మారకపోతే ఈ ఆదివారం చెనిక్కాయల ఉండల్లో వాడేయండి. ముక్కిన వాసన, పులిసిన వాసన, ఎక్కడైనా బూజు మచ్చ కనబడితే మొత్తం పారేయండి, పైన తీసేసి కింద వాడటం వద్దు.

మామిడి సీసా ఓలిగలకు ఉంచండి. ఉసిరిది అంబలికి. పాప విషయంలో నా సలహా ఒకటే: తెలియకుండా కలపడం మానేసి, ఆ ఉప్పూకారం పచ్చిమామిడి పొడిని చిన్న డబ్బాలో పోసి ఆమె చేతికే ఇవ్వండి. జామ, బొప్పాయి, అనాస, ఏ ముక్క మీద ఎంత చల్లుకోవాలో ఆమె ఇష్టం. మొదటి రోజు పొడి నాకి ముక్క పక్కన పెడుతుంది. అయినా ఊరుకోండి. రేగిపండ్లు వచ్చాక వడియాలు పెట్టే పని మీ అత్తగారికి అప్పజెప్పి, దంచేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టండి. బెల్లం, మిరపకాయలు ఎంత వేయాలో నన్ను అడగొద్దు. ఆమెకే బాగా తెలిసి ఉంటుంది.